జీతం పెరుగుతుందన్న ధీమాతో అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేము అరిజోనాలోని ఛాండ్లర్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బీ వీసాపై పనిచేస్తున్నాను, ఇంట్లో సంపాదన నా ఒక్కడిదే. నెలకు 9,200 డాలర్లు చేతికి వస్తాయి. ఇంటి మార్ట్‌గేజ్ 3,400, రెండు కార్లకు 1,250, ఇతర ఖర్చులు 3,000 అవుతాయి. బ్యాంకులో 11,000 ఉన్నాయి. శంకర్‌పల్లి దగ్గర ఒక వెంచర్‌లో ప్రీ-లాంచ్ ధరకు ప్లాటు వస్తోంది. దానికోసం హోమ్ ఈక్విటీ లైన్ (ఇంటి విలువ హామీగా బ్యాంకు ఇచ్చే అప్పు) నుంచి 90,000, 401(కె) (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి 40,000 అప్పు తీసుకోవాలనుకుంటున్నాను. నేను ఫీనిక్స్ సన్స్ బాస్కెట్‌బాల్ జట్టు అభిమానిని. ఎన్‌బీఏ లీగ్‌లో శాలరీ క్యాప్ (ఒక జట్టు ఆటగాళ్ల మొత్తం జీతాలకు పెట్టే పరిమితి) ఏటా పెరుగుతుంది కాబట్టి ఇవాళ భారీగా కనిపించే కాంట్రాక్టు మూడేళ్లలో తేలికైపోతుందంటారు. నా జీతమూ పెరుగుతుంది కాబట్టి ఈ వాయిదాలూ అలాగే తేలికవుతాయి కదా?

జవాబు: బాస్కెట్‌బాల్ ఊసెత్తని వారు కూడా ఇదే మాటను నాకు తరచూ రాస్తుంటారు కాబట్టి, ప్లాటు కంటే ముందు మీ ఉదాహరణనే పరిశీలిద్దాం. మీ అభిమాన జట్టు విషయంలోనే అది నిలబడలేదు.

2023 వేసవిలో సన్స్ బ్రాడ్లీ బీల్ అనే ఆటగాడిని తెచ్చుకున్నప్పుడు అతని ఆ సీజన్ జీతం 4.67 కోట్ల డాలర్లు, క్యాప్ 13.6 కోట్లు, అంటే అతని వాటా 34.4 శాతం. మరుసటి సీజన్‌లో కాంట్రాక్టులో రాసుకున్న ప్రకారం జీతం 5.02 కోట్లకు పెరగగా, క్యాప్ 14.06 కోట్ల దగ్గరే ఆగిపోవడంతో వాటా 35.7 శాతానికి చేరింది. 2025-26లో క్యాప్ నిబంధనలు అనుమతించే గరిష్ఠ స్థాయిలో 10 శాతం పెరిగి 15.46 కోట్లు అయినప్పటికీ, అతనికి ఇవ్వవలసిన 5.37 కోట్లు అందులో 34.7 శాతం. మూడేళ్లు గడిచినా బరువు మొదటి ఏడాది కంటే ఎక్కువగానే ఉంది.

క్యాప్ ఏటా పెరుగుతుందన్నదీ పూర్తిగా నిజం కాదు. 2002-03లో అది తగ్గింది, కోవిడ్ కారణంగా 2020-21లో అంతకు ముందటి 10.91 కోట్ల దగ్గరే నిలిచిపోయింది. పైగా ఆ పెరుగుదల వెనుక 11 ఏళ్లకు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం ఉంది. మీ జీతం వెనుక అలాంటి ఒప్పందం ఏదీ లేదు, ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మీ వీసా ఇచ్చేది గరిష్ఠంగా 60 రోజుల గడువు మాత్రమే.

సన్స్ కథ ఎలా ముగిసిందో మీకు తెలిసే ఉంటుంది. 2024-25లో జీతాలు, లగ్జరీ ట్యాక్స్ (జీతాలు మరీ పెరిగితే జట్టు లీగ్‌కు కట్టే పన్ను) కలిపి 35 కోట్ల డాలర్లు దాటాయి. జట్టు 36 గెలిచి 46 ఓడి ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదు. అంతకంటే పెద్ద నష్టం, సెకండ్ ఏప్రన్ (క్యాప్‌కు చాలా పైన లీగ్ గీసిన గీత) దాటినందువల్ల చేతులు కట్టేసినట్లు కావడం: ఇద్దరి జీతాలను కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకోవడానికి వీల్లేదు, ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) నగదు ఇవ్వడానికి వీల్లేదు, క్యాప్ దాటిన జట్లు కూడా కొత్త ఆటగాడిని తీసుకునేందుకు ఉండే మిడ్-లెవల్ మినహాయింపు లేదు. చివరికి 2025 జులైలో బీల్ సుమారు 1.39 కోట్లు వదులుకోగా, మిగిలిన మొత్తాన్ని ఐదేళ్లకు సాగదీసి వదిలించుకున్నారు. తమకు ఆడని మనిషి పేరిట 2029-30 వరకు ఏటా 1.94 కోట్లు క్యాప్‌లో కూర్చుని ఉంటాయి. ఆ భారాన్ని మోయడానికి సన్స్‌కు మ్యాట్ ఇష్బియా వంటి యజమాని ఉన్నాడు (ఆయన వ్యాపారం ఇంటి రుణాలు ఇవ్వడమే కావడం వేరే ముచ్చట). మీకు ఎవరున్నారు?

ఇక మీ లెక్క. ఇప్పుడు నెలకు 7,650 ఖర్చు, 1,550 మిగులు. రెండు అప్పులకూ 8.5 శాతం వడ్డీ అనుకుంటే, ఈక్విటీ లైన్‌పై వడ్డీ మాత్రమే కట్టినా, 401(కె) అప్పును ఐదేళ్లలో తీర్చినా నెలకు మరో 1,458 డాలర్లు పోతాయి. మిగిలేది 92 డాలర్లు, అంటే కారు టైరు ఒకటి పోయినా క్రెడిట్ కార్డు తీయవలసిందే. ఇది మీ సెకండ్ ఏప్రన్.

నన్ను నిజంగా కలవరపెట్టింది మాత్రం ఆ 11,000. నేటి ఖర్చులకే అవి 43 రోజులకు సరిపోతాయి, కొత్త వాయిదాలు కలిస్తే 36 రోజులకు. వీసా ఇచ్చే 60 రోజుల గడువు కూడా గడవదు. అవసరమైతే ఈక్విటీ లైన్ ఉందిగా అంటారేమో. అత్యవసర నిధికి అప్పు ప్రత్యామ్నాయం కాదని ఎన్నిసార్లు రాసినా ఈ వాదన మళ్లీ వస్తూనే ఉంటుంది. 2008 సంక్షోభంలో బ్యాంకులు ఇలాంటి లైన్లను సరిగ్గా జనానికి అవసరమైన సమయంలోనే స్తంభింపజేశాయి, మీరేమో దాన్ని ముందే వాడేయాలనుకుంటున్నారు. 401(కె) అప్పు అంతకంటే ప్రమాదకరం: ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్ను గడువులోగా తీర్చాలి, లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కించి పన్నుతో పాటు 10 శాతం జరిమానా వేస్తారు. జీతం ఆగిన నెలలోనే ఆరోగ్య బీమా ప్రీమియం పూర్తిగా మీ మీద పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

కాబట్టి రెండు అప్పుల ఆలోచననూ మానుకోండి. ఆరు నెలల ఖర్చు 45,900 డాలర్లు, మీకు 34,900 తక్కువ. నెలనెలా మిగిలే 1,550ని హై-యీల్డ్ సేవింగ్స్ ఖాతాలోకి మళ్లిస్తే దాదాపు రెండేళ్లలో ఆ లోటు పూడుతుంది, ఒక కారును అమ్మగలిగితే ఇంకా ముందే పూడుతుంది. కంపెనీ ఇచ్చేది కాక సొంతంగా టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. భూమి మీద మక్కువ తీరకపోతే ఆ తర్వాత సొంత డబ్బుతో చూడవచ్చు. ఈలోగా ఆ వెంచర్‌కు తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి, అది లేకుండా ప్రీ-లాంచ్ పేరిట అమ్మడమే చట్టవిరుద్ధం.