బోటు ఇసుకెక్కితే ముందు మోటారు ఆపండి

ప్రశ్న: మా బావకి చిన్న ఫైబర్ బోటుందండి, వెనక అవుట్‌బోర్డ్ మోటారు. మొన్న ఆదివారం భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తిప్పుతుంటే, లోతుందనుకున్న చోటే ఇసుకెక్కేసింది. నలుగురం ఉన్నాం. బావ రివర్స్ వేసి రేస్ ఇస్తూనే ఉన్నాడు, కదల్లేదు సరికదా ఇంకా దిగబడింది. చివరికి వేట నుంచి వస్తున్నవాళ్ళు తాడేసి లాగారు. ఇప్పుడు మోటారు వెనక నుంచి పడే నీళ్ళ ధార సన్నగా వస్తోంది. ఏం చేసుండాల్సింది? మోటారు పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: ముందు మోటారు సంగతి, ఎందుకంటే అది వాయిదా వేసేది కాదు. రిపేరు అయ్యేదాకా మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దని బావగారికి ఇవాళే చెప్పండి. ఆ సన్న ధారే ఇంజిను చల్లబడుతోందా లేదా చెప్పే గుర్తు. కింద నీళ్ళు తోడే పంపులో ఇంపెల్లర్ అని రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, ఇసుక నీళ్ళు లాగితే ఆ రెక్కలు అరిగిపోతాయి, లేదా దారిలో ఇసుక అడ్డం పడుతుంది. అలాగే నడిపితే ఇంజిను వేడెక్కి పట్టేస్తుంది, అప్పుడు ఖర్చు చాలా పెద్దది. మెకానిక్ చేత ఇంపెల్లర్ మార్పించి, మంచినీళ్ళతో లోపలంతా కడిగించండి, గేర్ ఆయిల్ కూడా తీయించి చూడండి, పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్ళు దిగుతున్నట్టు. ప్రొపెల్లర్ రెక్క వంగిందేమో, బోటు అడుగున గీతలు ఫైబర్ పొర దాకా వెళ్ళాయేమో కూడా చూడాలి.

ఇక రివర్స్ గురించి. చాలామంది చేసేది అదే, కానీ రివర్స్‌లో ప్రొపెల్లర్ నీళ్ళని ముందుకి, అంటే బోటు కిందకే తోస్తుంది, ఆ నీళ్ళతో పాటు ఇసుకా వెళ్ళి అడుగున మేట వేస్తుంది. అందుకే మీది ఇంకా దిగబడింది. ఇసుక తగలగానే మోటారు ఆపి పైకెత్తెయ్యాలి, అందరూ బాగున్నారా, నీళ్ళు కారుతున్నాయా చూసుకోవాలి. సాధారణంగా ముందు భాగమే ఎక్కుతుంది కాబట్టి మనుషులు వెనక్కి జరిగితే ముందు తేలుతుంది. నీళ్ళు మోకాలి లోతులో ఉండి, కెరటం లేకపోతే, లైఫ్ జాకెట్ తియ్యకుండా ఇద్దరు దిగినా బరువు బాగా తగ్గుతుంది, అప్పుడు వచ్చిన దారినే వెనక్కి తొయ్యాలి. కదలకపోతే లంగరు లోతు వైపు వేసి తాడు పట్టి లాగాలి.

కానీ మొగ దగ్గర కెరటాలు విరుగుతుంటే ఈ దిగడాలు వద్దే వద్దు. బోటుకీ ఒడ్డుకీ మధ్య మనిషి నిలబడితే ఒక్క కెరటం చాలు, బోటు మీదకొచ్చేస్తుంది, కాళ్ళు విరుగుతాయి, ప్రాణమే పోవచ్చు. వెనక నుంచి నీళ్ళు లోపలికి పడుతుంటే ఆలోచించకుండా కోస్ట్‌గార్డ్ 1554 కి గానీ 112 కి గానీ ఫోన్ చెయ్యండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆ టైముకి నీళ్ళు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అన్నది. పోటు ఎక్కుతుంటే కంగారక్కర్లేదు, లంగరేసి కూర్చుంటే నీళ్ళే లేపుతాయి. పాటు మొదలైతే మాత్రం ప్రతి నిమిషమూ లెక్కే, వెంటనే తొయ్యాలి. అన్నిటికన్నా చెడ్డది పున్నమి పెద్ద పోట్లు అయ్యాక, నిండు పోటు మీద ఎక్కడం, ఎందుకంటే తర్వాతి పోట్లు రోజురోజుకీ చిన్నవవుతాయి, అంత నీరు మళ్ళీ రావాలంటే అమావాస్య దాకా ఆగాల్సి రావచ్చు.

ప్రశ్న: పోటు ఎప్పుడో మాలాంటి మామూలోళ్ళకి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మన విశాఖ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమి, అమావాస్యలప్పుడు నీటి మట్టం తేడా సుమారు 1.4 మీటర్లు, అష్టమి దాటాక అరమీటరు అటూఇటూ. సరిగ్గా టైము కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ సైట్‌లో విశాఖ పోటు వేళలు చూడొచ్చు. అయితే అవి ఓపెన్ సముద్రానివి, ఇసుక అడ్డున్న మొగ లోపలికి పోటు కొంచెం లేటుగా వస్తుంది. పైగా గోస్తనికి వరదొచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారతాయి, కిందటి నెల లోతున్న దారి ఈ నెల ఉండకపోవచ్చు, కాబట్టి బోటు దింపే ముందు ఆ పొద్దున వేటకెళ్ళి వచ్చినవాళ్ళని అడగండి, లోతు ఎటుందో చెయ్యి చాపి చూపిస్తారు.