భానుమతి గారి మీద రాస్తున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

నీ వ్యాసం ముసాయిదా చదివిన. భానుమతి గారి మీద రాయాలనుకున్నవు, మంచిదే. కానీ మొదటి రెండు పేజీలు ఆమె పొగరు కథలకే పోయినయి. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అన్న మాట పేజీకొకసారి తగులుతున్నది. ముందుగాల దాన్ని కొట్టెయ్యి. ఆమె ఏ పని, ఏ ఏడు, ఏ సినిమాలో చేసిందో చెప్పలేనప్పుడే ఆ మాట అవసరం పడుతది. నువ్వు చెప్పగలవు, కొంచెం ఓపిక పట్టాలె, అంతే.

రాత పక్కకు పెట్టి ఒక పట్టీ గీయి. పొడుగు రిజిస్టరు అడ్డంగా తిప్పి ఎనిమిది గడులు: విడుదలైన సంవత్సరం, సినిమా పేరు, భాష, దర్శకుడు, నిర్మాణ సంస్థ, సంగీతం, ఆమె పాత్ర, ఆమె చేసిన పనులు. ఆఖరి గడి వెడల్పుగా ఉంచు. నటన, పాట, సంగీతం, నిర్మాణం, దర్శకత్వం అని విడివిడిగా రాయాలె. సినిమా ఉంటే టైటిల్స్ దగ్గర ఆపి, ఎవరి పేరు ఏ పని కింద పడిందో చూసి రాయి. టైటిల్స్‌లో ‘పి. భానుమతి’ అని కనబడితే వేరే మనిషి అనుకునేవు. ఆమే.

ఈ పట్టీ ఎందుకో 1954 ఒక్క ఏడు నింపి చూస్తే నీకే తెలుస్తది. ‘చక్రపాణి’లో ఆమె నాయిక, సంగీత దర్శకురాలు కూడా. ‘విప్రనారాయణ’లో నటన, పాట ఆమెవి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది. ఈ రెండూ సొంత సంస్థ భరణి సినిమాలు, రెండింటికీ దర్శకుడు ఆమె భర్త పి.ఎస్. రామకృష్ణారావు గారు. అదే ఏడు తమిళంలో ఎం.జి.ఆర్. పక్కన ‘మలైక్కళ్ళన్’, అదే కథ తెలుగులో ఎన్.టి.ఆర్. పక్కన ‘అగ్గిరాముడు’. రెండు భాషలకు ఇద్దరు హీరోలు, నాయిక మాత్రం ఒక్కతే. ఒక కొత్త పేజీ తిప్పకుండానే నాలుగు వరుసలు నిండినయి. ఇగ విశేషణాలు దేనికి?

ఎక్కువమంది బోల్తా పడేది దర్శకత్వం గడి దగ్గర. భరణి సినిమా కనబడితే చాలు, దర్శకురాలు భానుమతే అని రాసేస్తరు. ‘లైలా మజ్ను’ (1949), ‘ప్రేమ’ (1952), ‘చింతామణి’ (1956), ‘బాటసారి’ (1961), ఇవన్నీ రామకృష్ణారావు గారి దర్శకత్వం. 1953లో వచ్చిన ‘చండీరాణి’ ఆమెది. దాని వరుస తీరిగ్గా నింపు. నిర్మాణం సొంత సంస్థది, దర్శకత్వం ఆమెది, తెర మీద ద్విపాత్రాభినయం, పైగా తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. కెమెరా వెనక నిలబడి షాటు చెప్పి, ముందుకొచ్చి ఒక వేషం, మళ్ళీ ఇంకో వేషం, అదే సన్నివేశం ఇంకో రెండు భాషల్లో. ఈ లెక్క పాఠకుడికి అర్థమయ్యేటట్టు ఒక పేరా రాస్తే, నీ ముసాయిదాలోని పొగరు కథలన్నిటికంటే బరువుగా ఉంటది.

అక్కడే ఇంకో గుంట ఉన్నది, పైలం. ‘దక్షిణాదిలో తొలి మహిళా దర్శకురాలు’ అని రాసినవు. తప్పు. తమిళంలో టి.పి. రాజలక్ష్మి 1936లోనే ‘మిస్ కమల’ తీసింది. ‘తొలి’ అని రాసిన ప్రతిచోటా ఏ భాషలో, ఏ పనిలో అని పక్కన హద్దు గీయాలె. హద్దు గీయలేకపోతే ఆ మాటే వద్దు.

పుట్టిన ఏడు దగ్గర కూడా లొల్లి ఉన్నది. ఒంగోలు దగ్గరి దొడ్డవరం, 1925 సెప్టెంబరు 7 అన్నది ఎక్కువగా కనబడేది, వేరే ఏళ్ళు వేసినవాళ్ళూ ఉన్నరు. ఒకటి ఎంచుకుంటే వ్యాసమంతా దాని మీదే నిలబడు. ఒకచోట ‘పదమూడేళ్ళ పిల్ల’ అని, ఇంకోచోట ‘పదిహేనేళ్ళకే తెరకెక్కింది’ అని రాసినవు. మొదటి సినిమా, సి. పుల్లయ్య గారి ‘వరవిక్రయం’, 1939. తీసివేత నువ్వే చేసుకో.

ఇగ పాట. నీ ముసాయిదాలో అన్నిటికన్నా పలచగా ఉన్నది ఇదే. ‘మధురంగా పాడింది’ అంటే ఎవరికీ ఏమీ వినబడదు. ‘మల్లీశ్వరి’ (1951) తీసుకో. పాడుబడ్డ సత్రంలో మల్లి ఆడిపాడే ‘పిలచిన బిగువటరా’ ఉన్నది గదా, మారువేషంలో రాయలవారు చూస్తుండగా. దాన్ని మూడు తీర్ల చూడాలె. మొదట ఫోను బోర్లించి వట్టిగా విను. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నది, ఏ అక్షరం మీద గొంతు నొక్కుతున్నది, పల్లవి తిరిగొచ్చినప్పుడు అట్లే పాడుతున్నదా, కొంచెం మారుస్తున్నదా? కాగితం మీద పాట రాసుకొని ఊపిరి దగ్గర అడ్డగీత పెట్టు. రెండోసారి చప్పుడు ఆపేసి మొఖమే చూడు. కనుబొమలు, గదువ, మెడ. మూడోసారి రెండూ కలిపి, నీ అడ్డగీతల దగ్గర మొఖంలో ఏం జరుగుతున్నదో పట్టుకో. వేరే గాయని పాడిన పాటకు పెదవులు కలిపే నాయిక ఇంకొకరి ఊపిరిని అనుసరించాలె. ఇక్కడ గొంతూ మొఖమూ ఒక్క మనిషివే. ఆ తేడా నీకు కనబడ్డ ఒకే ఒక్క చోటు రాస్తే చాలు, పది పాటల జాబితా అక్కరలేదు.

రాగం పేరు రాయాలనిపిస్తే మాత్రం సంగీతం నేర్చిన ఇద్దరికి విడివిడిగా వినిపించి, ఇద్దరూ ఒకటే చెప్తేనే రాయి. సినిమా పాట మధ్యలో దారి మార్చుకుంటది. నెట్‌లో ఎక్కించిన పాత ప్రింట్లలో వేగం అటూ ఇటూ అయి శ్రుతి కూడా జారి ఉంటది, దాన్ని నమ్మి ‘ఆమె శ్రుతి ఇది’ అనకు.

‘మిస్సమ్మ’ సంగతి మూడు వాక్యాలు మించొద్దు. మొదలుపెట్టింది ఆమె, కొంత చిత్రీకరణ అయినంక బయటికొచ్చింది, ఆ పాత్ర సావిత్రికి పోయింది. ఎవరు ఎవరిని ఏమన్నరో చెప్పే కథలు చెప్పేవాళ్ళను బట్టి మారుతుంటయి. వాటిలో ఒకటి ఎత్తుకొని సన్నివేశంలాగ రాయడం నీ పని కాదు.

రచన గురించి ఆఖరి పేజీలో ‘రచయిత్రి కూడా’ అని తోసేసినవు. ‘అత్తగారి కథలు’ చదివినట్టు లేదు. చదువు. కోడలి నోటితో, ముఖం నవ్వకుండా హాస్యం నడిపించే తీరు చూడు. ‘చక్రపాణి’లాంటి హాస్య చిత్రానికి ఆ మనిషి ఎట్ల అతికిందో అక్కడ అర్థమైతది. ఆత్మకథ ‘నాలో నేను’ కూడా దగ్గర పెట్టుకో. ఆమె ఏమనుకున్నదో దాంట్లోంచి తీసుకో. తేదీలు మాత్రం ఇంకోచోట సరిచూడాలె, ఎవరి ఆత్మకథకైనా ఇదే పద్ధతి.

సరిచూడడానికి మొదట మన హన్మకొండలోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఉన్నది, అక్కడ అడుగు. దొరకనివాటికి కాజీపేటలో పొద్దుటి బండి ఎక్కి హైదరాబాద్‌ల బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం. పోయేముందు పట్టీలో ఖాళీ ఉన్న గడులకు ఎర్ర సిరాతో చుక్క పెట్టుకో, లేకపోతే పాత పత్రికల ప్రకటనలు చూసుకుంట కూర్చొని పూట గడిచిపోతది. పేజీ ఫొటో తీసినప్పుడల్లా తేదీ ఉన్న భాగం కూడా తియ్యి. పాటల పుస్తకాలు దొరికితే వదలొద్దు, కానీ అవి విడుదలకు ముందే అచ్చయ్యేవి, అందులోని పాట తెర మీద లేకపోవచ్చు.

మన దగ్గర పెద్దమనుషులను అడిగితే సంవత్సరం అడగకు. సినిమాలు మళ్ళీ మళ్ళీ ఆడేవి, వాళ్ళు చూసింది రెండో రాకడో మూడోదో. ఏ హాలు, ఎవరితో పోయిన్రు, ఏ పాటకు జనం అరిచిన్రు, ఇవి అడుగు. ‘మంగమ్మగారి మనవడు’ (1984) దగ్గరికొస్తే అందరికీ నోరు లేస్తది. ‘తాతమ్మ కల’ (1974) నాటికే పెద్ద వయసు పాత్రలకు మారిందని, అయినా సినిమా ఆమె పాత్ర పేరుతోనే వచ్చిందని అక్కడ గుర్తు చెయ్యి.

పద్మశ్రీ 1966, పద్మభూషణ్ 2001, మరణం 2005 డిసెంబరు 24, చెన్నై. వీటికి ఒక్క వాక్యం.

వ్యాసం పన్నెండు వందల మాటలు దాటనియ్యకు. అందులో మూడో వంతు ‘చండీరాణి’కి, మల్లి పాటకు ఇయ్యి. బాల్యానికి ఎనభై మాటలు చాలు. ముందుగాల పట్టీ ఫొటోలు పంపు, వ్యాసం తర్వాత. ‘అంతా మన మంచికే’ (1972), ‘భక్త ధ్రువ మార్కండేయ’ (1982), ఈ రెండింటికీ దర్శకత్వం గడి నింపినవా లేదా అన్నది ముందు చూస్త.

నీ శ్రేయోభిలాషి