యుద్ధకాలపు విందుకు సొంత కుట్టు: చీరా, గౌనా?

పర్లాకిమిడి నుంచి కిందటి శీతాకాలంలో ఇంగ్లండు వచ్చి ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి సందేహం ఇది. మే నెలలో వాళ్ళ ఆఫీసువారు యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు పేరిట విందు చేసుకుంటున్నారట. వచ్చేవారందరూ 1940ల నాటి దుస్తుల్లో రావాలట. అద్దెకు తెచ్చుకోవడం ఆమెకు ఇష్టం లేదు, కుట్టు కొంత వచ్చు, చేతిలో ఆరు వారాల సమయం ఉంది. గౌను కుట్టుకోవాలా, చీర కట్టుకుంటే అందరిలో వింతగా కనిపిస్తానా అన్నది ఆమె బెరుకు. బరంపురం విడిచి లెస్టర్‌లో స్థిరపడి నాకు ఇరవై రెండేళ్ళయింది. ఇటువంటి విందులకు నాలుగైదుసార్లు నా చేత్తో కుట్టుకున్నవే వేసుకుని వెళ్ళాను, ఒకసారి భంగపడ్డాను కూడా. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

బట్ట కొనడానికి ముందు సంవత్సరం నిర్ణయించుకోండి. 1940లు అంటే ఒకే రకం దుస్తులు కావు. బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకు రేషను మొదలైంది. మొదటి ఏడాది పెద్దవాళ్ళకు తలా 66 కూపన్లు ఇచ్చారు. ఉన్ని గౌనుకు 11, నూలు గౌనుకు 7 కూపన్లు పోయేవి, డబ్బు వేరే చెల్లించాలి. మరుసటి ఏడాది నుంచి లంగాకు ఎన్ని మడతలు ఉండవచ్చు, చొక్కాకు ఎన్ని జేబులు, ఎన్ని గుండీలు ఉండవచ్చు అన్నదానికి కూడా ప్రభుత్వం లెక్కలు పెట్టింది. మగవాళ్ళ పంట్లాం అడుగున బయటికి మడిచే పట్టీని సైతం నిషేధించింది. ఈ రేషను 1949 మార్చి దాకా సాగింది. గొడుగులా విచ్చుకునే పెద్ద ఘేరు గౌన్లను పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ ప్రదర్శించింది 1947 ఫిబ్రవరిలో. వేషాల దుకాణాల్లో ‘నలభైల గౌను’ అని అమ్మేవాటిలో చాలావరకు ఈ ఘేరు గౌన్లకు నకళ్ళే, ఇంకా చెప్పాలంటే యాభైలవి. మీ విందు 1945 మే 8ని తలచుకునే విందు కనుక బట్ట పొదుపుగా వాడిన, భుజాలు నిటారుగా, నడుము బిగువుగా, మోకాలికి కాస్త దిగువ ఆగిపోయే గౌనే సరైనది. కొత్తగా కుట్టేవారికి ఇది మేలే. బట్ట తక్కువ, కుచ్చులు తక్కువ, తప్పులు దిద్దుకోవడం తేలిక.

ఇక చీర సంగతి. చీరతో వెళితే కాలానికి పొసగదేమోనన్న భయం అక్కర్లేదు. భారత నౌకాదళపు మహిళా విభాగానికి చెందిన అధికారిణి కల్యాణీ సేన్ 1945 జూన్‌లో స్కాట్లండులోని రోసైత్ రేవును సందర్శించినప్పుడు తీసిన ఫొటోలు ఇక్కడి ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఆమె యూనిఫామే చీర. అంటే ఆ ఏడు, ఈ దేశంలోనే, చీరకట్టు ఉద్యోగపు దుస్తుగా కనిపించింది. ఎవరైనా ప్రశ్నిస్తే ఆ ఫొటో చూపించండి. అయితే యూనిఫామును అనుకరించి పట్టీలు, పతకాలు తగిలించుకోవద్దని నా గట్టి సలహా. ఆ విందుకు వచ్చినవారిలో నిజంగా ఆ పతకాలు సంపాదించినవారి పిల్లలో మనవలో ఉండవచ్చు.

చీరకు నమూనా ఎక్కడ దొరుకుతుందంటే, ఇంటి గోడ మీద. గంజాంలో పాత ఇళ్ళు ఎన్నిటిలోనో స్టూడియో ఫొటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి, జపాను దండయాత్రతో 1942లో ఉన్నదంతా వదులుకుని నడిచి వచ్చినవారిలో మా తాతగారు ఒకరు. వచ్చిన మూడేళ్ళకు అమ్మమ్మతో కూర్చుని తీయించుకున్న ఫొటో మా ఇంట్లో ఉంది. మా జిల్లా 1936లోనే మద్రాసు నుంచి ఒడిశాకు మారింది గాని, ఆ ఫొటోలో అమ్మమ్మ జాకెట్టు అప్పటి మద్రాసు తీరుదే: మెడ దగ్గరగా మూసి ఉంటుంది, చేతులు మోచేతి దాకా వచ్చి భుజం దగ్గర బుట్టలా ఉబ్బి ఉంటాయి, పైట జారకుండా ఎడమ భుజం మీద బ్రూచీ గుచ్చి ఉంటుంది. మీ ఇంట్లో ఇటువంటిది ఉంటే అమ్మగారిని ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. రంగు మాత్రం పెద్దవాళ్ళను అడగాల్సిందే. నేను బూడిద రంగు అనుకున్న చీర వంకాయ రంగు పట్టని మా పిన్ని చెప్పేదాకా నాకు తెలియదు.

యుద్ధంలో బ్రిటన్‌లో పట్టు పారాచూట్లకు పోయింది. మామూలు మనిషికి పట్టు గౌను, పట్టు మేజోళ్ళు దుర్లభం. కాబట్టి 1945 నాటి గౌనును కొత్త పట్టుతో కుట్టడం తప్పు. బరంపురం పట్టుచీర సంగతి వేరు. పెట్టెలో పెట్టుకుని సముద్రం దాటి తెచ్చుకున్నదానికి కూపను ఎవరడుగుతారు? గుడిగోపురాల్లాంటి ఫోడ కుంభ అంచున్న చీర మీ దగ్గర ఉంటే అంతకంటే యుక్తమైనది లేదు. దాని జోడు జాకెట్టును మాత్రం కొత్తగా కుట్టుకోండి. ఇప్పటి లోతు మెడలు, వీపు మీద తాళ్ళు ఆనాడు లేవు. మీ ఆది జాకెట్టు తీసుకుని మెడను పైకి తెచ్చి, చేతి పొడవు మోచేతి దాకా పెంచండి. చేతి తల భాగాన్ని ఒకటిన్నర అంగుళం ఎత్తు, రెండు మూడు అంగుళాల వెడల్పు ఎక్కువగా కత్తిరించి, ఆ ఎక్కువను రెండు వరుసల వదులు కుట్టుతో లాగి కుచ్చు పెడితే బుట్ట వస్తుంది. ముందువైపు హుక్కులే చాలు. చీరకు ఫాల్ కుట్టవద్దు, లోపల నూలు లంగా వేసుకోండి. నుదుట స్టిక్కరుకు బదులు కుంకుమ పెట్టుకోండి. వీటిలో ఏదీ ఖర్చైన పని కాదు.

గౌనే కుట్టుకోవాలని పట్టుదల ఉంటే విస్కోసు క్రేపు కొనండి. ఆ రోజుల్లో రేయాన్ అని విరివిగా వాడినది ఇదే. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు దుకాణాల్లో బట్ట దొరుకుతుంది, అయితే ‘క్రేపు’ అని ఇచ్చేది పాలియెస్టరు కావచ్చు. అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించి చూడండి: విస్కోసు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. పాలియెస్టరును ఇంగ్లండులోనే 1941లో కనిపెట్టారు గాని, యుద్ధం ముగిసేనాటికి దుకాణాల్లోకి రాలేదు. 45 అంగుళాల పన్నాలో మూడు మీటర్లు చాలు. చిన్న పువ్వులో చుక్కలో ఉన్న అచ్చు తీసుకోండి. విస్కోసు కుదించుకుపోతుంది కనుక కత్తిరించకముందే ఉతికి ఆరబెట్టాలి.

ఈ పనిలో నేను ఎక్కువ కాలం వెచ్చించేది నమూనా కుట్టు మీద. చారిటీ దుకాణంలో కొన్న పాత నూలు దుప్పటితో ముందు పై భాగం ఒక్కటే కుట్టుకుని, వేసుకుని, చేతులు ఎత్తి, కూర్చుని చూడండి. ఇంగ్లీషు కొలతల కాగితాలు మన ఒంటికి సరిగ్గా సరిపోవడం అరుదు. నాకు ఎప్పుడూ భుజం ఒక అంగుళం జారుతుంది, నడుము పైకి ఎక్కుతుంది. దుప్పటి మీద దిద్దిన గీతలనే అసలు బట్ట మీదికి ఎక్కించాలి. వీపున పొడుగాటి జిప్పు పెట్టవద్దు. లోహమంతా యుద్ధానికి పోతున్న కాలం కనుక ఎడమ పక్క కుట్టులో ఎనిమిది తొమ్మిది అంగుళాలు తెరిచి, టిచ్ బటన్లు, నడుము దగ్గర ఒక హుక్కు పెట్టండి. ముందువైపు గుండీలకు ఆ గౌను ముక్కలనే చుట్టించండి, మన దర్జీలు జాకెట్లకు చుట్టే పద్ధతే. భుజాల కింద అర్ధచంద్రాకారపు మెత్తలు దూదితో చేసుకోవచ్చు. లోపలి అంచులను పళ్ళ కత్తెరతో కత్తిరిస్తే ఆనాటి పనిలాగే ఉంటుంది.

నేను భంగపడిన సంగతి చెప్పాను కదా. వచ్చిన కొత్తలో, పాతవాటిని మార్చి వాడుకోండని 1943లో ఇక్కడి ప్రభుత్వం ‘మేక్ డూ అండ్ మెండ్’ పేరిట ప్రచారం చేసిందని చదివి, మా అత్తగారి పట్టుచీరను గౌనుగా కత్తిరించాను. పాత పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత గీత వెంట పోగులు నలిగి ఉంటాయన్నది నాకు తోచలేదు. రెండో పాట మొదలయ్యేసరికి చంక కింద జానెడు చిరిగింది. కార్డిగను కప్పుకుని మిగతా విందంతా కూర్చునే గడిపాను. అత్తగారు ఏమీ అనలేదు, ఆ ముక్కలు అడిగి తీసుకుని మనవరాలి పరికిణీకి అంచు వేయించారు. పాత పట్టును కత్తిరించే ముందు మడత విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. గీత వెంట సన్నని వెలుగు కనిపిస్తే ఆ చీరను కట్టుకోనూ వద్దు, కత్తిరించనూ వద్దు.

మిగతావి చిన్న విషయాలు. మే నెల సాయంత్రాలు ఇక్కడ చల్లగానే ఉంటాయి కనుక నడుము దాకా వచ్చే ఉన్ని కార్డిగను చీర మీదికైనా గౌను మీదికైనా పనికొస్తుంది. జుట్టు పొడుగైతే కొప్పు ముడి వేసి వల తొడగండి, ఆనాడు ఇక్కడి ఆడవాళ్ళూ తొడిగేవారు. మేజోళ్ళు దొరకని రోజుల్లో కాలి వెనక కనుబొమ్మల పెన్సిలుతో గీత గీసుకునేవారన్న మాట నిజమే, మీరూ గీసుకోవచ్చు. వాన పడితే మాత్రం నా పూచీ లేదు. వెంట వచ్చే మగవారికి నడుము పైకంటా ఉన్న పంట్లాం, దాన్ని పట్టి ఉంచే భుజపట్టీలు, టై ఉంటే సరిపోతుంది.

కాలాన్ని ఇలా పంచుకోండి. మొదటి వారంలో ఫొటో, సంవత్సరం, బట్ట. రెండు, మూడు వారాలు దుప్పటి నమూనాకు. నాలుగు, ఐదు వారాల్లో అసలు కుట్టు. ఆరో వారంలో ఒక సాయంత్రం ఆ దుస్తులతోనే వంట చేసి, భోజనం చేసి, బస్సు మెట్లు ఎక్కి దిగండి. గౌను అడుగు మడతను విందుకు వేసుకోబోయే చెప్పులు తొడుక్కున్నాకే కొలిపించుకోండి, అదీ ఇంకొకరి చేత. వంగి మనమే కొలుచుకుంటే వెనకవైపు ఎప్పుడూ పొట్టి అవుతుంది.