టెక్ సందేహాలు: రెండుసార్లు వెళ్లొస్తే ఏడు గంటలు అక్కడే ఉన్నారట!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లవే. అన్నిట్లోనూ ఒకటే బాధ: సూపర్‌మార్కెట్ పార్కింగ్ నోటీసులు. చూడ్డానికి కారు సమస్యలా ఉన్నా, ఇందులో కెమెరా ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, మన ఫోన్‌లో దాగిన సాక్ష్యం ఉంది. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేం రెడింగ్‌లో ఉంటాం. మా అత్తయ్యగారు, మామయ్యగారు విజయవాడ నుంచి వచ్చారు. మొన్న శనివారం పొద్దున కూరగాయలకని సూపర్‌మార్కెట్‌కి వెళ్లి అరగంటలో వచ్చేశాం. పెరుగు మర్చిపోయామని సాయంత్రం మళ్లీ వెళ్లాం. పది రోజులకి ఏదో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా కారు 7 గంటల 12 నిమిషాలు అక్కడే ఉందట. పరిమితి 2 గంటలేనట. 100 పౌండ్లు కట్టమన్నారు, 14 రోజుల్లో అయితే 60 చాలట. వీసా మీద మచ్చ పడుతుందేమోనని మావారు కట్టేద్దామంటున్నారు. కెమెరా ఇంత పొరపాటు ఎలా చేస్తుంది?

జవాబు: ముందు టెన్షన్ వదిలేయండి. డబ్బు కట్టకండి. అలాగని ఉత్తరాన్ని డ్రాయర్లో పడేయనూ వద్దు. ఈ రెండో తప్పే మనవాళ్లను ఎక్కువగా ముంచుతోంది. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు కెమెరా కథ చూద్దాం.

హైదరాబాద్‌లో మాల్‌కి వెళితే గేటు దగ్గర కర్ర అడ్డం ఉంటుంది, చీటీ ఇస్తారు, బయటికొచ్చేటప్పుడు ఎవరో ఒకరు చూస్తారు. ఇంగ్లండ్ సూపర్‌మార్కెట్లలో చాలాచోట్ల గేటూ ఉండదు, మనిషీ ఉండడు. స్తంభం మీద ఒక కెమెరా, గోడకు ఒక బోర్డు, అంతే. ఆ కెమెరాను ఏఎన్‌పీఆర్ అంటారు, అంటే నంబర్ ప్లేటును తనంతట తానే చదివే కెమెరా. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును కారు మీదికి వదులుతుంది. ప్లేటు మీది పూత ఆ వెలుగును తిప్పి కొడుతుంది, నల్లటి అక్షరాలు మాత్రం కొట్టవు. అందుకే అర్ధరాత్రి కూడా ఫొటోలో ప్లేటు స్పష్టంగా పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాలను చదివి, పక్కన సమయం వేసి దాచుకుంటుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. మీరు కారు ఎక్కడ పెట్టారో, ఎంతసేపు పెట్టారో ఆ కెమెరాకు తెలియదు. దారిలో ఒక కారు లోపలికి పోవడం, ఒక కారు బయటికి రావడం, ఈ రెండే దానికి తెలుసు. మధ్యలో ఉన్న సమయమంతా లెక్కవేసేది సాఫ్ట్‌వేర్.

మీ విషయంలో ఏం జరిగి ఉంటుందో చూడండి. పొద్దున 10:05కి లోపలికి వెళ్లారు, 10:38కి బయటికొచ్చారు అనుకుందాం. సాయంత్రం 4:50కి మళ్లీ వెళ్లి, 5:17కి వచ్చేశారు. మొత్తం నాలుగు ఫొటోలు పడాలి. పొద్దున మీరు బయటికొస్తున్నప్పుడు వెనక ఒక వ్యాను మీ కారుకు ఆనుకున్నట్టు వచ్చి ప్లేటును కప్పేసింది, లేదా ప్లేటు మీద బురద ఉంది, లేదా ఎండ నేరుగా లెన్స్‌లో పడింది. 10:38 ఫొటో పోయింది. సాయంత్రం లోపలికెళ్లిన 4:50 ఫొటో కూడా అలాగే తప్పిపోయి ఉండొచ్చు. లేదంటే, ముందే లోపల ఉన్న కారు మళ్లీ లోపలికి రావడమేమిటని సాఫ్ట్‌వేరే దాన్ని పక్కన పెట్టి ఉండొచ్చు. చివరికి మిగిలినవి 10:05, 5:17. తీసివేస్తే సరిగ్గా 7 గంటల 12 నిమిషాలు. దీన్ని అక్కడ ‘డబుల్ డిప్’ అంటారు. పార్కింగ్ కంపెనీల సంఘాలకూ ఈ లోపం బాగా తెలుసు. నోటీసు పంపే ముందు ఇలాంటి కేసులను పట్టుకోవాల్సిన బాధ్యత కంపెనీదే. పట్టుకోనప్పుడు మనమే పట్టివ్వాలి.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. మొదట సూపర్‌మార్కెట్ లాయల్టీ యాప్ చూడండి. క్లబ్‌కార్డ్‌లాంటిది స్కాన్ చేసి ఉంటే పొద్దున బిల్లు, సాయంత్రం బిల్లు వేర్వేరు సమయాలతో కనిపిస్తాయి. తర్వాత బ్యాంకు యాప్. ఈ రెండు బిల్లులు మీరు రెండుసార్లు వెళ్లారని చూపిస్తాయి గానీ, మధ్యలో వెళ్లిపోయారని రుజువు చేయవు. పొద్దున్నించీ అక్కడే ఉండి రెండుసార్లు కొన్నారని వాదించే వీలుంది. అందుకని మధ్య సమయంలో కారు ఇంకోచోట ఉన్నట్టు చూపించాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో మీద నొక్కితే ‘టైమ్‌లైన్’ ఉంటుంది. అది ముందే ఆన్ చేసి ఉంటే ఆ రోజు మీరు తిరిగిన దారంతా గంటలతో సహా వస్తుంది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎందుకంటే ఇప్పుడు ఆ సమాచారం ఫోన్‌లోనే ఉంటుంది. ఆటో డిలీట్ పెట్టి ఉంటే మూడు నెలలకే పోవచ్చు కూడా. డ్యాష్‌క్యామ్ ఉంటే ఇంకా మంచిది, దాని కార్డు ముందు బయటికి తీసి పెట్టండి. లేకపోతే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. మధ్యాహ్నం ఇంటి ముందు మామయ్యగారికి ఫొటో తీస్తే వెనకాల కారు కనిపిస్తోందా? ఆ ఫొటో వివరాల్లో తేదీ, సమయం, చోటు అన్నీ ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో ఆ వివరాలు పోతాయి కాబట్టి గ్యాలరీలోని అసలు ఫొటోనే వాడండి.

మీ దగ్గర ఇవేవీ లేకపోయినా ఒక దారి ఉంది. ఆ దేశపు డేటా రక్షణ చట్టం ప్రకారం మీ గురించి దాచుకున్న సమాచారం ఇవ్వమని ఏ కంపెనీనైనా అడగొచ్చు. దాన్ని ‘సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్’ అంటారు, సాధారణంగా పైసా ఖర్చుండదు, నెలలోపు ఇవ్వాలి. ‘ఫలానా తేదీన నా కారు నంబరు మీద పడిన అన్ని ఏఎన్‌పీఆర్ చిత్రాలూ, సరిపోలని రీడింగులతో సహా పంపండి’ అని ఈమెయిల్ రాయండి. తప్పిపోయిందనుకున్న 10:38 ఫొటో చాలాసార్లు అందులోనే బయటపడుతుంది.

అప్పీలు ముందు కంపెనీకే పెట్టాలి, 28 రోజుల్లో. 14 రోజుల్లోపే పెట్టేస్తే, వాళ్లు కాదన్నా తగ్గింపు రేటుకు కట్టే అవకాశం మళ్లీ ఇవ్వాలని వాళ్ల నియమావళిలోనే ఉంది. కాదంటే ఆ కంపెనీ ఏ సంఘంలో ఉందో చూసి పోప్లా, ఐఏఎస్ అనే రెండు అప్పీళ్ల సంస్థల్లో దానికి సంబంధించిన దాని దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ ఓడితే మాత్రం తగ్గింపు మీద ఆశ పెట్టుకోకూడదు. వీటన్నిటికన్నా ముందు ఒక పని చేయండి: రెండు బిల్లులూ పట్టుకుని ఆ సూపర్‌మార్కెట్ మేనేజర్‌ని కలవండి. పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నది సాధారణంగా దుకాణమే, రద్దు చేయమని చెప్పగలిగేదీ దుకాణమే. మర్యాదగా అడిగితే నిజమైన కస్టమర్‌ను వదులుకోవాలని ఎవరూ అనుకోరు.

ఇక వీసా భయం. మీకు వచ్చింది పోలీసు జరిమానా కాదు, కౌన్సిల్ (అంటే మన మున్సిపాలిటీ లాంటిది) జరిమానా కూడా కాదు. కౌన్సిల్ నోటీసునూ, ప్రైవేటు నోటీసునూ పీసీఎన్ అనే పిలవడం వల్ల ఈ గందరగోళమంతా. కౌన్సిల్‌ది ‘పెనాల్టీ చార్జ్ నోటీస్’, ప్రైవేటు కంపెనీది ‘పార్కింగ్ చార్జ్ నోటీస్’. రెండోది కేవలం ఒప్పందం తాలూకు బాకీ. బోర్డు చదివి కారు పెట్టారు కాబట్టి షరతులు ఒప్పుకున్నట్టే అనేది వాళ్ల వాదన. అందులో బలం లేకపోలేదు. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో 2 గంటల పరిమితి దాటి 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు పార్కింగ్‌ఐ కంపెనీ 85 పౌండ్లు వేస్తే, బీవిస్ అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015లో ఓడిపోయారు. కాబట్టి ‘ప్రైవేటు నోటీసు చెల్లదు, చించి పారేయి’ అని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పే మాట నమ్మకండి. నోటీసు ఒక్కటే వీసాను ఏమీ చేయదు. ఉత్తరాలన్నీ వదిలేసి, కోర్టు క్లెయిమ్ ఫారం వచ్చినా వదిలేస్తే మీరు లేకుండానే తీర్పు వస్తుంది. దాన్ని సీసీజే అంటారు. నెలలోపు మొత్తం కట్టకపోతే ఆరేళ్లు క్రెడిట్ రికార్డులో ఉంటుంది. ఇల్లు కొనడానికి లోన్ దగ్గర అడ్డుపడుతుంది. శాశ్వత నివాసం దరఖాస్తులోనూ కోర్టు తీర్పుల గురించి అడుగుతారు.

ప్రశ్న: నాకు నోటీసే రాలేదు, నేరుగా కోర్టు తీర్పు అంటున్నారు. ఇల్లు మారి ఏడాది అయింది. డ్రైవింగ్ లైసెన్సు మీద అడ్రస్ మార్చుకున్నాను కదా! – మిల్టన్ కీన్స్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మీ బాధ నాకు అనుభవమే. నేను కూడా లైసెన్సు మార్చుకుని పని అయిపోయిందనుకున్నాను. పాత ఇంట్లో దిగిన కుర్రాడు మంచివాడు కాబట్టి నా పేరు మీద వచ్చిన కవరు ఫొటో తీసి పంపాడు. లేకపోతే నాకూ మీ పరిస్థితే. ఆ రోజు నుంచి ఇల్లు మారే ప్రతివాళ్లకీ ఇదే చెబుతున్నాను: లైసెన్సు వేరు, కారు లాగ్‌బుక్ వేరు. లాగ్‌బుక్ అంటే మన ఆర్‌సీ లాంటి కారు రిజిస్ట్రేషన్ పత్రం, దాన్ని వీ5సీ అంటారు. రెండూ డీవీఎల్‌ఏ (లైసెన్సులు, వాహనాల రికార్డులు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గరే ఉన్నా ఒకటి మారిస్తే రెండోది మారదు. పార్కింగ్ కంపెనీ డీవీఎల్‌ఏకి 2.50 పౌండ్లు కట్టి తీసుకునేది లాగ్‌బుక్ మీదున్న పేరు, అడ్రస్. ఇలాంటి వివరాలు ఏటా కోటికి పైగా వెళుతున్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లాగ్‌బుక్ అడ్రస్ ఉచితంగా, పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఇవాళే మార్చండి, మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా కూడా ఉంది.

మీకు వచ్చిన తీర్పును రద్దు చేయమని కోర్టును అడగొచ్చు. దానికి ఎన్244 అనే ఫారం, ఫీజు ఉంటాయి. ఆలస్యం చేస్తే జడ్జి ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అంటారు, కాబట్టి రేపే సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ వాళ్లను కలవండి. ఇల్లు మారిన తేదీ తెలిపే అద్దె ఒప్పందం, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారు ఉచిత పార్కింగ్ కోసం దుకాణంలోని టాబ్లెట్‌లో కారు నంబరు కొట్టేటప్పుడు సున్నాకు బదులు ‘ఓ’ కొట్టారు. నోటీసు వచ్చింది.

జవాబు: బ్రిటన్ ప్లేట్ల మీద సున్నా, ‘ఓ’ రెండూ ఒకేలా ఉంటాయి. నాన్నగారి తప్పేం లేదని చెప్పండి, పాపం పెద్దవాళ్లు ఇలాంటివి మనసులో పెట్టుకుని బాధపడతారు. 2001 నుంచి వస్తున్న ప్లేట్లలో మొదటి రెండూ అక్షరాలు, తర్వాతి రెండూ అంకెలు, చివరి మూడూ అక్షరాలు. ఇది గుర్తుంటే ఎక్కడ ఏది కొట్టాలో తికమక ఉండదు. ఇలాంటి చిన్న తప్పును అప్పీలు రాగానే రద్దు చేయాలని నియమావళి చెబుతోంది. బిల్లు ఫొటో జతచేసి పంపండి.

ప్రశ్న: ‘మీ పార్కింగ్ బాకీ ఇవాళే కట్టండి, లేకపోతే కేసు’ అని మెసేజ్, కింద లింకు. కట్టాలా?

జవాబు: వద్దు, లింకు ముట్టుకోవద్దు. పార్కింగ్ కంపెనీకి డీవీఎల్‌ఏ ఇచ్చేది మీ అడ్రస్, ఫోన్ నంబరు కాదు. అందుకే కెమెరా నోటీసు పోస్టులో వస్తుంది. ఆ మెసేజ్‌ను మోసపు మెసేజ్‌లపై ఫిర్యాదు చేసే 7726 నంబరుకి ఫార్వర్డ్ చేసి తీసేయండి. ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే 159కి ఫోన్ చేయండి, చాలా బ్యాంకులకు నేరుగా కలుపుతుంది. పార్కింగ్ మెషీన్ల మీద అంటించే క్యూఆర్ స్టిక్కర్లతోనూ జాగ్రత్త. గోటితో గీరి చూడండి. అంచు లేస్తే, కింద ఇంకో కోడ్ కనిపిస్తే, అది మోసగాళ్లు అంటించిందే. యాప్‌ను ప్లేస్టోర్ నుంచో, యాప్ స్టోర్ నుంచో మీరే వెతికి వేసుకోండి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్‌లో ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ పెడితే టైం లిమిట్ ఉండదంటారు, నిజమా?

జవాబు: బోర్డు మీద ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప నమ్మకండి. 7 కిలోవాట్ల చార్జర్ మీద 2 గంటల్లో దాదాపు 14 యూనిట్లే ఎక్కుతాయి. ఇంకాస్త ఎక్కించుకుందామని కూర్చుంటే నోటీసు వస్తుంది.

ప్రశ్న: టైం దాటకుండా గుర్తుచేసే మంచి యాప్ ఏదైనా చెప్పండి.

జవాబు: కొత్త యాప్ అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో కారు ఆపిన చోటు సేవ్ చేసి, అక్కడే టైమర్ పెట్టుకోవచ్చు. నేనైతే మామూలు అలారమే పెడతాను, అదీ కారు కెమెరా దాటగానే, పక్క సీట్లో ఉన్నవాళ్ల చేత. ఎందుకంటే గడియారం మొదలయ్యేది ఇంజిన్ ఆపినప్పుడు కాదు, కెమెరా ముందు నుంచి వెళ్లినప్పుడు. చోటు కోసం తిరిగిన ఐదు నిమిషాలు, బయటికొచ్చేటప్పుడు క్యూలో ఆగిన నిమిషాలు అన్నీ కలిసిపోతాయి. చివర్లో కనీసం 10 నిమిషాల వెసులుబాటు ఇవ్వాలన్న నియమం ఉంది గానీ, దాన్ని షాపింగ్‌లో ఖర్చుపెట్టేయొద్దు. పరిమితి 90 నిమిషాలైతే 70కే అలారం మోగేలా పెట్టుకోండి. ట్రాలీ సామాను డిక్కీలో సర్దడానికి, పిల్లల్ని సీట్లలో కట్టడానికి ఆ 20 నిమిషాలు సరిపోతాయి.