అంతర్యుద్ధమా, పౌరయుద్ధమా? బానిసత్వం, వెట్టి ఒకటేనా?

సందేహం: అమెరికాలో 1861 నుంచి 1865 దాకా జరిగిన యుద్ధాన్ని ఒక పుస్తకంలో ‘అంతర్యుద్ధం’ అన్నారు, ఇంకో పుస్తకంలో ‘పౌరయుద్ధం’ అన్నారు. ఏది సరైనది? అక్కడి నల్లజాతివారి స్థితిని కొందరు ‘వెట్టి’ అని రాస్తున్నారు. బానిసత్వం, దాస్యం, వెట్టి ఒకటేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

సమాధానం: అంతర్యుద్ధం అనే రాయండమ్మా. ‘పౌరయుద్ధం’ ‘సివిల్ వార్’కి మక్కికి మక్కి అనువాదం. రోమన్ల లాటిన్‌లో ఆ మాటకు ఒకే రాజ్యపు పౌరులు తమలో తాము చేసుకునే యుద్ధమని అర్థం. మనకేమో ‘పౌర’ అనగానే పౌర సరఫరాల శాఖ, పౌర విమానయానం గుర్తొస్తాయి. ‘పౌరయుద్ధం’ అంటే రేషన్ షాపు ముందు గొడవేమో అనుకుంటారు!

నాకు అంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. డ్రెడ్ స్కాట్ అనే బానిస తనకు స్వేచ్ఛ కావాలని కోర్టుకెక్కితే, నల్లజాతివారు అమెరికా పౌరులు కానే కారని 1857లో ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చింది. దేశం చీలింది ఎవరి బతుకు గురించో వాళ్లనే పౌరులు కారన్నప్పుడు, దానికి పౌరయుద్ధమని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

‘అంతర్’ గురించి కూడా ఒక మాట. అంతర్గతంలో దానికి ‘లోపల’ అని అర్థం, అంతర్జాతీయంలో ‘మధ్య’ అని. ‘అంతర్రాష్ట్ర బస్సులు’ అన్నప్పుడూ రెండో అర్థమే. (సంస్కృత సంధి ప్రకారం అది ‘అంతారాష్ట్ర’ కావాలి. అలా రాస్తే బస్సు ఎవరూ ఎక్కరు.) ఈ తేడా మీదే అక్కడ పేర్ల పేచీ నడిచింది. బానిసత్వం కోసం దేశం నుంచి విడిపోయిన దక్షిణాదివారు చాలాకాలం దాన్ని ‘రాష్ట్రాల మధ్య యుద్ధం’ అన్నారు. ఉత్తరాది ప్రభుత్వం తన అధికారిక రికార్డులకు ‘తిరుగుబాటు యుద్ధం’ అని పేరు పెట్టుకుంది. మన అంతర్యుద్ధం ఏ పక్షమూ వహించదు.

ఇక బానిసత్వం. ‘త్వం’ సంస్కృత ప్రత్యయం, ‘బానిస’ సంస్కృతం కాదు. కాబట్టి ‘బానిసతనం’ అనాలని ఛాందసులు అంటారు. జనం నోట బానిసత్వం ఎప్పుడో స్థిరపడింది, వదిలేయండి. దాస్యం కొంచెం మెత్తబడిన మాట. వినత కద్రువకు చేసింది దాస్యమే, భక్తుడు దేవుడికి చేసేదీ దాస్యమే. ఎవరూ ఇష్టపడి ‘దేవుడి బానిసత్వం’ అనరు కదా.

వెట్టి వేరు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి చేసినవాడికి కూలి లేదు, కాదనే దిక్కూ లేదు. పిలిచిన పూట పని వదులుకుని దొర గడీకి పోవాలి. అయినా చట్టం దృష్టిలో అతను మనిషే, దొర ఆస్తి కాదు. అమెరికాలో బానిస ఆస్తి. చార్లెస్టన్‌లోనో న్యూ ఆర్లీన్స్‌లోనో వేలంలో అమ్మేవారు, అప్పు కింద తాకట్టు పెట్టేవారు, వీలునామాలో పిల్లలకు రాసిచ్చేవారు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డా బానిసే. 1860 జనాభా లెక్కల్లో అలాంటివాళ్లు దాదాపు 40 లక్షల మంది. దీన్ని వెట్టి అంటే తీవ్రత తగ్గించినట్టవుతుంది.

మాట మెత్తబరచడం వాళ్లకూ తెలుసు. 1787లో రాసుకున్న రాజ్యాంగంలో ‘బానిస’ అనే మాటే కనపడదు. ‘ఇతర వ్యక్తులు’ అన్నారు, ‘చాకిరీకి కట్టుబడిన వ్యక్తి’ అన్నారు. కానీ ఆ ‘ఇతర వ్యక్తుల’ను ఒక్కొక్కరిని అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టి దక్షిణాదికి చట్టసభలో సీట్లు పెంచారు. మాట దాచినా గొడవ దాగలేదు. కొత్త రాష్ట్రం చేరిన ప్రతిసారీ అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్న పేచీయే. 1820లో దేశపటం మీద ఒక గీత గీసి, దానికి ఉత్తరాన ఉన్న కొత్త ప్రాంతాల్లో బానిసత్వం వద్దని సర్దుకున్నారు. పారిపోయి వచ్చినవాణ్ణి ఉత్తరాదివారు కూడా పట్టివ్వాలని 1850లో చట్టం చేశారు. 1854లో పాత గీత చెరిపేసి, కాన్సాస్ లాంటి కొత్త ప్రాంతాల్లో బానిసత్వం సంగతి అక్కడికి వచ్చి స్థిరపడేవాళ్లే తేల్చుకోవాలన్నారు. ఇంకేముంది, రెండు పక్షాలవాళ్లూ తుపాకులు పట్టుకుని కాన్సాస్‌లో దిగారు.

1860లో అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన లింకన్, ఉన్నచోట బానిసత్వాన్ని ముట్టుకోనన్నాడు, కొత్త ప్రాంతాలకు మాత్రం పాకనివ్వనన్నాడు. అదే చాలు, డిసెంబరు 20న సౌత్ కరోలినా విడిపోయింది. ఆ వెనుకే మిసిసిపి ‘మా స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది’ అని తన ప్రకటనలో రాసుకుంది. విడిపోయినవాళ్లు 1861లో రాసుకున్న రాజ్యాంగంలో 1787 నాటి మొహమాటం లేదు, ‘బానిసలు’ అని పచ్చిగానే రాశారు. అందుకే ‘అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం’ అని ఎవరైనా అంటే, ‘ఏ హక్కు?’ అని అడగండి.

పాత రాజ్యాంగంలోకి ‘బానిసత్వం’ అనే మాట 1865లో, 13వ సవరణతో వచ్చింది. అదీ దాన్ని రద్దు చేయడానికే. అందులో బానిసత్వం ఒక మాట, ‘ఇష్టం లేని చాకిరీ’ ఇంకో మాట. నేరానికి శిక్షగా తప్ప రెండూ ఉండకూడదన్నారు. మన రాజ్యాంగం 23వ అధికరణం కూడా మనుషుల క్రయవిక్రయాలను వేరుగా, వెట్టిని వేరుగా నిషేధించింది. మీ ప్రశ్నకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూపలేను.

మీరు అడగకపోయినా ఇంకో చిక్కు చెప్తాను. ఈ యుద్ధం గురించి రాస్తూ కొందరు ‘సమాఖ్య సైన్యం’ అంటారు. ఎవరి సైన్యం? ఫెడరల్ అంటే ఉత్తరాది, కాన్ఫెడరేట్ అంటే దక్షిణాది. రెండింటికీ సమాఖ్య అనే రాస్తే ఎవరు ఎవరిని కాల్చారో తెలియదు. ఉత్తరాది సైన్యం, దక్షిణాది సైన్యం అనండి చాలు. అయితే కెంటకీ, మిస్సోరీ, మేరీలాండ్, డెలావేర్‌లలో బానిసత్వం ఉన్నా అవి విడిపోలేదని మాత్రం గుర్తుంచుకోండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో ‘అంతర్యుద్దం’ అని రాశారు. ద కింద ద వత్తు కాదు, ధ వత్తు: అంతర్యుద్ధం.