గెట్టిస్‌బర్గా, విక్స్‌బర్గా?

ప్రశ్న: అమెరికా అంతర్యుద్ధాన్ని మలుపు తిప్పింది గెట్టిస్‌బర్గ్ పోరాటమేనని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. మలుపు 1863 జులైలోనే వస్తే, యుద్ధం ముగియడానికి 1865 ఏప్రిల్ దాకా ఎందుకు పట్టింది? అసలు మలుపు మరోచోట ఉందా? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ సందేహం సబబైనదే. గెట్టిస్‌బర్గ్ పెద్ద పోరాటమన్న మాటలో అనుమానం లేదు. పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊరి చుట్టూ 1863 జులై 1 నుంచి 3 దాకా జరిగిన పోరులో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, ఆచూకీ లేకుండా పోయినవారు రెండు పక్షాలా కలిపి దాదాపు 51,000 మంది. మూడో రోజు మధ్యాహ్నం, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనాని రాబర్ట్ లీ సుమారు 12,500 మందిని చాటూ మాటూ లేని పొలాల మీదుగా, ఎదుట మిట్ట మీదున్న ఫిరంగులకు అభిముఖంగా నడిపించాడు. వారిలో దాదాపు సగం మంది తిరిగి రాలేదు, లేదా గాయాలతో వచ్చారు. ఇంత జరిగినా లీ తన సైన్యంతో పొటోమాక్ నది దాటి వర్జీనియాకు చేరుకోగలిగాడు. ఉత్తరాది సేనాని మీడ్ అతన్ని వెంటాడి పట్టుకోలేకపోయాడని అమెరికా అధ్యక్షుడు లింకన్ ఎంతో నొచ్చుకున్నాడు. గెట్టిస్‌బర్గ్‌లో దక్షిణాదికి గెలుపు తప్పిపోయిందే గాని, దాని చేతిలోని ఆయుధం జారిపోలేదు.

చేయి జారినది ఆ మర్నాడు, అక్కడికి ఎంతో దూరాన, మిసిసిపి నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్‌లో జారింది. నేనైతే పెద్దపీట దానికే వేస్తాను. ఆ పట్టణం నది మెలిక తిరిగే చోట ఎత్తైన మిట్టల మీద ఉంటుంది. మిట్ట మీది ఫిరంగుల కళ్లుగప్పి కింద పడవ సాగడం కష్టం. నది ముఖద్వారానికి చేరువలోని న్యూ ఆర్లియన్స్ 1862లోనే ఉత్తరాది వశమైనా, విక్స్‌బర్గ్ నిలిచి ఉన్నంతకాలం నది పూర్తిగా వారిది కాలేదు. టెక్సస్, అర్కాన్సాస్, లూసియానాల నుంచి పశువులూ ధాన్యమూ తూర్పుకు దాటుతూనే ఉన్నాయి.

ఉత్తరాది సేనాని యులిసిస్ గ్రాంట్ నెలల తరబడి కాలువలు తవ్వించి, బురద దారులు వెతికించి విఫలుడయ్యాక, తన సైన్యాన్ని పడమటి ఒడ్డు వెంట కిందికి నడిపించి, ఓడలను రాత్రివేళ ఫిరంగుల ముందు నుంచే దాటించి, ఏప్రిల్ 30న పట్టణానికి దిగువన నది దాటాడు. దాటినవాడు నేరుగా విక్స్‌బర్గ్ మీదికి పోలేదు. ముందు తూర్పుగా వెళ్లి రాష్ట్ర రాజధాని జాక్సన్‌ను పట్టుకుని, సాయం వచ్చే దారి మూసివేసి, ఆ తర్వాత వెనక్కి తిరిగాడు. మే నెలలో రెండుసార్లు చేసిన దాడి తిప్పికొట్టబడడంతో ముట్టడికి దిగాడు.

ముట్టడి 47 రోజులు సాగింది. గుండ్ల వాన తప్పించుకోవడానికి ఊరివారు మెత్తని మట్టి మిట్టల్లో గుహలు తవ్వుకుని, చాపలూ కుర్చీలూ తెచ్చుకుని కాపురం పెట్టారు. రొట్టెకు గోధుమపిండి కరువై బఠాణీ పిండి కలిపారు. చివరికి కంచర గాడిదల మాంసం కూడా తిన్నారు. స్థానిక పత్రికకు కాగితం దొరక్క, గోడలకు అంటించే రంగుల కాగితం వెనుక వైపున అచ్చు వేశారు. గ్రాంట్ జులై 4న విక్స్‌బర్గ్‌లో విందు చేస్తానన్నాడట, కుందేలు కూర వండాలంటే ముందు కుందేలును పట్టుకోవాలి కదా అని జులై 2 నాటి సంచికలో ఆ పత్రిక ఎకసెక్కం ఆడింది. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని మనం అంటామే, ఆ ధోరణి అన్నమాట. సరిగ్గా జులై 4న పట్టణం లొంగిపోయింది. లోపలికి వచ్చిన ఉత్తరాది సైనికులు కూర్చి ఉంచిన ఆ అచ్చునే వాడి, కుందేలు దొరికిందని అడుగున ఒక చిన్న గమనిక చేర్చి మళ్లీ ముద్రించారు. సేనాని పెంబర్టన్ కింద ఉన్న 29,000 పైచిలుకు సైన్యం, 172 ఫిరంగులు ఒక్కసారిగా పోయాయి. జులై 9న అదే నదిపై దిగువనున్న పోర్ట్ హడ్సన్ కూడా లొంగడంతో నది మొత్తం ఉత్తరాదిదై, దక్షిణాది రెండు ముక్కలైంది.

మరి ఆ తర్వాత ఇరవై ఒక్క నెలలు ఎందుకు పట్టిందంటే, లీ సైన్యం మిగిలే ఉంది; దక్షిణాదికి మరో ఆశా మిగిలింది. ఉత్తరాదిని ఓడించలేకపోయినా విసిగిస్తే చాలు, 1864 నవంబరు ఎన్నికల్లో లింకన్ ఓడి రాజీ కుదరవచ్చునన్నదే ఆ ఆశ. అది గాలిమాట కాదు. ఆ వేసవిలో గ్రాంట్ వర్జీనియాలో వేలాదిమందిని పోగొట్టుకుని పీటర్స్‌బర్గ్ కందకాల ముందు ఆగిపోయాడు. ఆగస్టు 23న లింకన్ తాను ఓడిపోవచ్చునని ఒక కాగితంపై రాసి, మడిచి, లోపలేముందో చూపకుండానే మంత్రుల చేత వెనుక సంతకాలు చేయించుకున్నాడు. సరిగ్గా పది రోజులకు, సెప్టెంబరు 2న, ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం దక్షిణాదిలోని ముఖ్య నగరం అట్లాంటాలో ప్రవేశించింది. దాంతో గాలి లింకన్ వైపు తిరిగింది. నవంబరులో లింకన్ 212 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకుంటే, ప్రత్యర్థి మెక్లెల్లన్‌కు దక్కినవి 21. అట్లాంటాతో దక్షిణాది చివరి ఆశ కూడా పోయింది.

ఈ మెక్లెల్లనే 1862 సెప్టెంబరు 17న మేరీలాండ్‌లోని ఆంటీటమ్ దగ్గర ఉత్తరాది సేనాని. మూడు చుట్టల చుట్టూ చుట్టి ఎవరో పారేసుకున్న లీ రహస్య ఆజ్ఞ తన చేతికి చిక్కినా ఆయన పూర్తి విజయం సాధించలేకపోయాడు. ఒక్క రోజులో సుమారు 23,000 మంది బలైన, గాయపడిన ఆ పోరాటం సైనికంగా తేలలేదనే చెప్పాలి. కానీ లీ వెనుదిరగడమే చాలని లింకన్ అయిదు రోజులకే బానిసల విముక్తి ప్రకటన వెలువరించాడు; అది 1863 జనవరి 1న అమలులోకి వచ్చింది. అప్పటిదాకా దేశాన్ని కలిపి ఉంచడానికి సాగిన యుద్ధం బానిసత్వంపై యుద్ధంగా మారింది. దక్షిణాదిని ప్రత్యేక దేశంగా గుర్తించాలన్న ఆలోచన బ్రిటన్‌లో వెనకబడింది. యుద్ధం ముగిసేనాటికి దాదాపు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తరాది సైన్యంలో చేరారు. యుద్ధం దేనికోసమన్నదే మారిన చోటును వెతికితే మాత్రం ఆంటీటమ్‌నే చూపించాలి.

ప్రశ్న: ఆ యుద్ధ ప్రభావం మన తెలుగు ప్రాంతం మీద ఏమైనా పడిందా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పడింది, అదీ మీ ఊరి మీదనే. 1861 ఏప్రిల్‌లో లింకన్ దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో, అప్పటిదాకా తమ పత్తిలో అత్యధిక భాగం అక్కడి నుంచే తెచ్చుకుంటున్న ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. వర్తకులు భారతదేశం వైపు తిరిగారు, పత్తి ధర పెరిగింది. కోరంగి రేవు మేట వేసి వెనకబడుతున్న ఆ రోజుల్లో కాకినాడ నుంచి పత్తి ఎగుమతి పుంజుకుంది. 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపొమాటోక్స్‌లో లీ లొంగిపోయి యుద్ధం ముగియగానే ధర పడిపోయి, బొంబాయిలో ఎందరో వర్తకులు దివాలా తీశారు. కాకినాడ రేవు మాత్రం తన పనిని కొనసాగించింది.