రికార్డర్‌లోనే క్లిప్పులకు వివరాలు చేర్చడం ఎలా?

కెమెరాకు తగిలించే తెర, రికార్డర్ రెండూ అయిన బ్లాక్‌మ్యాజిక్ వీడియో అసిస్ట్‌లో తీసిన క్లిప్పులు ఎడిటింగ్ వేళ వెతికితే దొరకాలంటే ఏం చేయాలని అడిగారు. తెర మీద వేలిని పక్కకు జరపండి, క్లాప్ బోర్డు లాంటి పేజీ తెరుచుకుంటుంది. సీను, టేకు, పగలా రాత్రా, లోపలా ఆరుబయటా అన్నవన్నీ అక్కడ నమోదు చేయవచ్చు. దర్శకుడి పేరు వంటివి పక్క ట్యాబ్‌లో ఉంటాయి.

ఒక మెలిక ఉంది. రికార్డింగ్‌కు సిద్ధంగా ఉన్నప్పుడు రాసిన సీను వివరాలు తీయబోయే క్లిప్పుకు చేరతాయి. పాత క్లిప్పును తెరిచి రాస్తే దానికే అంటుకుంటాయి. షూటింగ్ హడావిడిలో అన్నీ నింపడం ఎలాగూ కుదరదు. నా మటుకు నేను సీను సంఖ్య, ‘గుడ్ టేక్’ గుర్తు మాత్రం వదలను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్‌లో ఈ రెండింటితో స్మార్ట్ బిన్ (షరతులకు సరిపోయే క్లిప్పులను తనే ఏరుకునే ఫోల్డర్) పెట్టుకుంటే, మూడో సీనులోని మంచి టేకులన్నీ వాటంతట అవే ఒకచోట చేరతాయి.